కోపం ఒకందుకు, కేసు ఇంకొకందుకు

(గుంటూరు అరండల్‌పేటలో యువ న్యాయవాదులు, వ్యాపారులు, కొందరు మిర్చి రైతులు కలిసి పెట్టుకున్న సభలో ఒక సీనియర్ క్రిమినల్ లాయర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం.

ఈ టాపిక్ మీద మాట్లాడేవాణ్ణి ముందు అనుమానంగానే చూస్తారు. ఏదో దొంగ కంపెనీ దగ్గర ఫీజు పుచ్చుకుని వచ్చాడేమో అనుకుంటారు. పుచ్చుకున్నాను, అప్పుడప్పుడు. అలాంటి కంపెనీల మీద కేసులు నడిపిందీ నేనే, కొన్నాళ్లు ఏపీపీగా, అంటే సర్కారు తరఫు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా ఉన్నప్పుడు. కాబట్టి ఇవాళ ఎవరి వకాల్తా తీసుకుని రాలేదు. జనం అసహ్యించుకునే వ్యాపారి మీద కేసు పడితే మనం ఒకటే ప్రశ్న అడుగుతాం: చేశాడా, లేదా? ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఇదే పని చేసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉండగా ఇతన్నే ఎందుకు పట్టుకున్నారు? ఇప్పుడే ఎందుకు పట్టుకున్నారు? రెండో ప్రశ్న అడిగితే మొదటిది మాఫీ అయిపోదు. ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

ముందు మనకు దూరంగా ఉన్నవాడి కథ చెబుతాను. దూరపువాడైతే మనకు కులం గుర్తుకురాదు, పార్టీ గుర్తుకురాదు. (నవ్వులు)

అమెరికాలో మార్టిన్ ష్క్రెలీ అని ఒకడు. 2015లో అతనికి ముప్పై రెండేళ్లు. అతని కంపెనీ పేరు ట్యూరింగ్. డారాప్రిమ్ అనే మందు హక్కులు కొన్నది. కొత్త మందేం కాదు, అరవై ఏళ్లకు పైగా వాడకంలో ఉన్నది. ఎయిడ్స్ రోగుల్లాంటి వాళ్లకు, అంటే రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు వచ్చే ఒక ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్‌కి వాడతారు. అదే రకం మాత్ర మన దేశంలో కొన్ని రూపాయలకు దొరుకుతుంది. అక్కడ మాత్ర 13 డాలర్ల 50 సెంట్లు ఉండేది. ఇతను రాత్రికి రాత్రి 750 డాలర్లు చేశాడు. చేసి ఊరుకున్నాడా? టీవీల్లో కూర్చుని నవ్వుతూ సమర్థించుకున్నాడు. అమెరికాలో అతనికి 'అందరికంటే ఎక్కువ ద్వేషం మూటగట్టుకున్న మనిషి' అని పేరొచ్చింది.

ఆ ఏడాది డిసెంబరు 17న ఎఫ్‌బీఐ అతన్ని అరెస్టు చేసింది. దేశమంతా పండగ చేసుకుంది. ఎందుకు అరెస్టయ్యాడని ఇవాళ అడిగినా చాలామంది "మందు ధర పెంచినందుకు" అంటారు. ఆ కేసులో మందు ధర ఊసే లేదండీ. ధర అలా పెంచడం అక్కడ నేరం కాదు. అంతకు ముందు కొన్నేళ్ల క్రితం అతను హెడ్జ్ ఫండ్లు, అంటే డబ్బున్నవాళ్ల పెట్టుబడులు తీసుకుని మార్కెట్లో తిప్పే ఫండ్లు నడిపాడు. వాటిలో డబ్బు పెట్టినవాళ్లకు అబద్ధపు లెక్కలు చూపించాడని, ఆ తర్వాత పెట్టిన రెట్రోఫిన్ అనే కంపెనీ సొమ్ముతో, షేర్లతో వాళ్ల బాకీలు సర్దాడని కేసు. అసలు తమాషా ఏమిటంటే, ఆ పెట్టుబడిదారుల్లో కొందరికి చివరికి లాభాలే వచ్చాయి. అతని లాయర్లు దీన్నే పట్టుకుని వాదించారు. నాకైతే ఆ వాదన నచ్చదు. అబద్ధం చెప్పి డబ్బు తీసుకుని గుర్రప్పందెం కాసి గెలిచి తిరిగిచ్చినా, అబద్ధం అబద్ధమే.

2017లో బ్రూక్లిన్ కోర్టులో విచారణ. వాళ్లకు జ్యూరీ ఉంటుంది కదా, పన్నెండు మందిని ఎంపిక చెయ్యాలి. ఇతని పేరు వినగానే వచ్చినవాళ్లు వచ్చినట్టు "ఇతనంటే నాకు అసహ్యం, న్యాయంగా తీర్పు చెప్పలేను" అని జడ్జి గారికి మొహమ్మీదే చెప్పారు. రెండొందల మందికి పైగా ఇంటికి పంపించాల్సి వచ్చింది. నాకు ఇందులో మెచ్చుకోవాల్సిన విషయం ఒకటి కనిపిస్తుంది. వాళ్లను అడిగారు. "నీకు ఇతని మీద ద్వేషం ఉందా?" అని కోర్టు అడిగింది, వాళ్లు ఉందన్నారు, పంపించేశారు. మన దగ్గర ఒక వ్యాపారి ఫైలు పైకి తీసే అధికారిని ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా? ఏ దశలో అడుగుతారు?

ఎనిమిది అభియోగాల్లో ఐదింట్లో అతన్ని నిర్దోషిగా వదిలేశారు, మూడింట్లో దోషి అన్నారు. ప్రాసిక్యూషన్ కనీసం పదిహేనేళ్లు కావాలంది, డిఫెన్సు ఏడాది, ఏడాదిన్నర చాలంది. 2018 మార్చిలో జడ్జి కియో మత్సుమోటో ఏడేళ్లు వేశారు. ఈ మధ్యలో ఇంకో ఘనకార్యం. బెయిలు మీద బయట ఉండి, హిల్లరీ క్లింటన్ తల వెంట్రుక తెచ్చినవాళ్లకు ఐదు వేల డాలర్లు ఇస్తానని పోస్టు పెట్టాడు. జడ్జి బెయిలు రద్దు చేసి లోపలేశారు. అలాంటి క్లయింటు దొరికితే లాయరుకు బీపీ ఖాయం.

సరే, ఇప్పుడు చెప్పండి. అతను జైలుకెళ్లాక మాత్ర ధర ఎంతయింది? ప్రకటించిన ధర ఆ 750 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, ఏళ్ల తరబడి. పోటీగా చౌక మందుకు అనుమతి వచ్చింది 2020లో. జనం కోపం దేని మీదో, అది చెక్కుచెదరలేదు. మనిషి లోపలికెళ్లాడు కాబట్టి కోపం చల్లారింది. చల్లారిన కోపంతో చట్టం మారదు.

అతని తరఫున వాదించేవాళ్లు "ధర పెంచాడన్న కసితోనే ఈ కేసు పుట్టించారు" అంటారు. ఇది కూడా పూర్తి నిజం కాదు. ఆ దర్యాప్తు మీద రెట్రోఫిన్‌కు ఫెడరల్ ప్రాసిక్యూటర్ల నుంచి సమన్లు వచ్చింది 2015 జనవరిలో. ధర పెంచింది ఆ తర్వాత, ఆగస్టులో. అంటే ద్వేషం కేసును పుట్టించలేదు. మరి ద్వేషం ఎక్కడ పనిచేసింది? జ్యూరీ దగ్గర, పేపర్ల దగ్గర, ఎన్నేళ్లు వేస్తారో అన్న టెన్షన్ దగ్గర. మన దగ్గర కూడా అంతే. ఒక పెద్ద వ్యాపారి మీద కేసు పడగానే ఒక వర్గం "కక్ష" అంటుంది, ఇంకో వర్గం "పాపం పండింది" అంటుంది. తేదీలు చూసే ఓపిక ఎవరికీ ఉండదు. లాయర్లకైనా ఉండాలి. ఫిర్యాదు ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లు బీరువాలో పడుకుంది, ఏ రోజు లేచి కూర్చుంది? ఆ రోజు ఊళ్లో, రాష్ట్రంలో ఇంకేం జరిగింది? కక్షో కాదో చాలావరకు ఆ తేదీలే చెబుతాయి.

అసలు తప్పు మీద కేసు ఎప్పుడు పడిందో కూడా చెప్పాలి. 2020లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూయార్క్ రాష్ట్రం కలిసి దావా వేశాయి. పోటీ మందు తయారు కాకుండా సరఫరాను బిగించి అడ్డుకున్నాడని. 2022 జనవరిలో జడ్జి డెనిస్ కోట్ 6 కోట్ల 46 లక్షల డాలర్లు కట్టమని తీర్పిచ్చారు. జన్మలో మందుల వ్యాపారం చెయ్యకూడదన్నారు. జనానికి కోపం తెప్పించిన పనికి జవాబు ఇదీ. అరెస్టు రోజున ఉన్న కెమెరాలు ఈ తీర్పు రోజున లేవు.

దీని పక్కన మన దేశపు సంగతి ఒకటి పెట్టుకోండి. గుండెలో వేసే స్టెంట్లు. వాటి మీద ఆసుపత్రులు, మధ్యవర్తులు ఎంత లాగుతున్నారో రోగి బంధువులకు బిల్లు చూశాక గానీ తెలిసేది కాదు. 2017 ఫిబ్రవరిలో ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర పెట్టింది. మందు పూసిన స్టెంటు 29,600 రూపాయలు, మామూలు స్టెంటు 7,260 రూపాయలు, పన్ను కాకుండా. ఎవరినీ బేడీలేసి టీవీలో చూపించలేదు. ఒక్క ఉత్తర్వుతో ధర దిగింది. దాని మీద కంపెనీలు గోల పెట్టాయి, ఆసుపత్రులు వేరే పద్దుల్లో రాబట్టుకుంటున్నాయన్న ఆరోపణలూ వచ్చాయి, అది వేరే చర్చ.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. అమెరికాలో ఎవరి మీద కేసు నడపాలో ప్రాసిక్యూటరు నిర్ణయిస్తాడు. మన దగ్గర పీపీ చేతికి ఫైలు వచ్చేసరికి ఎంపిక అయిపోయి ఉంటుంది. ఎంపిక జరిగేది స్టేషన్లో. ఎలా జరుగుతుందో ఇక్కడున్న మిర్చి రైతులకు నేను చెప్పక్కర్లేదు.

యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించావు, కమీషన్ వ్యాపారి కాటా వేయించాడు, డబ్బు వారంలో ఇస్తానన్నాడు. నెలలు గడిచాయి. ఫోను ఎత్తడు. ఒకరోజు ఐపీ పెట్టేశాడని, అంటే దివాలా తీశానని కోర్టుకెళ్లాడని తెలుస్తుంది. నువ్వు స్టేషన్‌కి వెళ్తావు. "ఇది సివిల్ తగాదా, కోర్టుకెళ్లి దావా వేసుకో" అంటారు. అదే స్టేషన్లో, అదే రకం లావాదేవీ, ఇంకో వ్యాపారి. అతనికి ఎవరితోనో చెడింది. ఆ రాత్రికే ఎఫ్ఐఆర్, తెల్లారేసరికి అరెస్టు. సెక్షన్? మోసానికి వేసే అదే పాత 420, కొత్త చట్టంలో 318. సివిల్ అన్న ముద్ర ఒకరికి గొడుగు అయితే, అది లేకపోవడం ఇంకొకరికి బేడీ.

ఈ ముద్ర వేసే అధికారం ఊరికే రాలేదు. లలితకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చెయ్యగల నేరం అని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి అంది. కొన్ని మినహాయింపులు ఇచ్చింది. అందులో వ్యాపార సంబంధ నేరాలు ఒకటి. ముందు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు అంది. మంచి ఉద్దేశమే. చెక్కు బౌన్సయిన ప్రతివాణ్ణీ మోసగాడని లోపలేస్తే వ్యాపారం సాగదు. కానీ ఆ సందులోంచే ఎంపిక దూరుతోంది. ఎవరికి ప్రాథమిక విచారణ, ఎవరికి తక్షణ ఎఫ్ఐఆర్ అన్నదానికి కొలత ఏమిటో రాతలో ఉండదు. కేసు కట్టినందుకు కారణం రాస్తారు. కట్టనందుకు సరైన కారణం రాసిన కాగితం నేను చూసింది చాలా అరుదు.

చట్టం ఏమంటుంది? ఒక పోలిక చెబుతాను. మన వీధిలో పది ఇళ్లకు ప్లాన్‌లో లేని పై అంతస్తు ఉంది. కార్పొరేషన్ వాళ్లు ఒక ఇంటి ముందే ప్రొక్లెయినర్ తెచ్చి నిలబెట్టారు. ఆ ఇంటాయన హైకోర్టుకెళ్లి "పక్కింటి అంతస్తు ఉంది కదా, నాదీ ఉంచండి" అంటే కుదరదు. తప్పులో సమానత్వం ఉండదు. రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణం కింద అలాంటి హక్కు లేదని సుప్రీంకోర్టు చండీగఢ్ అడ్మినిస్ట్రేషన్ కేసులో, 1995లో, స్పష్టంగా చెప్పింది. మన వాళ్లు ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. అక్కడ ఆగకూడదు. ఆ ఇంటాయనకు తన అంతస్తు నిలుపుకునే హక్కు లేదు. మిగతా తొమ్మిది ఎందుకు ముట్టుకోలేదని అడిగే హక్కు మాత్రం ఊళ్లో ప్రతివాడికీ ఉంది. ఆయనకూ ఉంది.

మన న్యాయచరిత్రలో దీనికి గట్టి పునాదే ఉంది. 1952లో అన్వర్ అలీ సర్కార్ కేసు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రత్యేక కోర్టులు పెట్టి, తనకు తోచిన ఏ కేసునైనా వాటికి పంపే అధికారం తన దగ్గరే ఉంచుకుంది. ఆ కోర్టుల్లో ముద్దాయికి రక్షణలు తక్కువ. ఫ్యాక్టరీ మీద దాడి చేసిన కేసు అది, ముద్దాయిల మీద ఎవరికీ జాలి లేదు. అయినా సుప్రీంకోర్టు, ఏ కొలతతో ఎంపిక చేస్తున్నారో చట్టంలో చెప్పలేదు కాబట్టి ఆ అధికారం చెల్లదు అంది. అంతకు ముందే, 1886లో, అమెరికా సుప్రీంకోర్టు శాన్‌ఫ్రాన్సిస్కో లాండ్రీల కేసు చూసింది. చెక్క ఇళ్లలో బట్టలుతికే దుకాణాలకు పర్మిట్ కావాలన్నారు. నిప్పు భయం, నిబంధన చదివితే తప్పుపట్టలేం. రెండొందల మంది దాకా చైనావాళ్లు అడిగితే ఒక్కరికీ ఇవ్వలేదు. మిగతా ఎనభై మంది దాకా అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. కాగితం మీద చట్టం నిష్పక్షపాతంగా ఉన్నా, దాన్ని అమలుచేసే చెయ్యి వంకరదైతే అది సమానత్వం కాదని కోర్టు తేల్చింది.

అదే దేశంలో, మళ్లీ చైనావాళ్లే. 2008 ఆర్థిక సంక్షోభంలో మహా మహా బ్యాంకులు తనఖా అప్పుల పేరుతో ఏం చేశాయో లోకానికి తెలుసు. ఆ తనఖా అప్పుల విషయంలో నేరారోపణ ఎదుర్కొన్న బ్యాంకు ఒక్కటే: న్యూయార్క్ చైనాటౌన్‌లోని చిన్న కుటుంబ బ్యాంకు, అబాకస్. తమ ఉద్యోగి మోసం చేస్తున్నాడని వాళ్లే పట్టుకుని, పనిలోంచి తీసేసి, వాళ్లే అధికారులకు చెప్పారు. 2012లో దాని ఉద్యోగుల్ని గొలుసుతో ఒకరికొకరిని కట్టి కోర్టు వరండాలో నడిపించారు. అదే ఏడాది హెచ్‌ఎస్‌బీసీ, మెక్సికో డ్రగ్స్ ముఠాల డబ్బు తమ ఖాతాల్లో పారిన వ్యవహారంలో 192 కోట్ల డాలర్లు కట్టి ఒప్పందంతో బయటపడింది. ఒక్క అధికారి కూడా జైలుకెళ్లలేదు. అబాకస్ 2015లో నిర్దోషిగా బయటకొచ్చింది. పోరాడటానికి కోట్లు ఉన్న కుటుంబం కాబట్టి నిలబడింది. మన పట్నం బజారులో ఒక మోస్తరు వ్యాపారి ఆ పాటికి దుకాణం అమ్ముకునేవాడు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం గురించి, దాని అధిపతి రామలింగరాజు గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. ఆయన చదివింది పక్కన విజయవాడ లయోలా కాలేజీలో. 108 అంబులెన్సు వల్ల ఆయన్ని దేవుడన్నవాళ్లు నాకు తెలుసు. 2008 సెప్టెంబరులో కంపెనీకి మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు. 2009 జనవరి 7న ఉత్తరం రాసి లెక్కలన్నీ దొంగవని ఒప్పుకున్నాడు. 7 వేల కోట్ల పైమాట. అక్కడ కోపం దేని మీదో, కేసు దాని మీదే. ఆ లెక్కన ష్క్రెలీ కేసు కంటే ఇది శుభ్రమైన కేసు. 2015 ఏప్రిల్‌లో పదిమందికీ శిక్ష పడింది, వాళ్లలో ఇద్దరు ఆడిటర్లు. పై నెలలోనే అప్పీలు కోర్టు శిక్ష నిలిపేసి బెయిలిచ్చింది. ఆ ఆడిట్ సంస్థ మీద షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018లో రెండేళ్ల నిషేధం పెడితే, మరుసటి ఏడాది ట్రిబ్యునల్ కొట్టేసింది. బోర్డులో గొప్ప గొప్ప చదువులున్న స్వతంత్ర డైరెక్టర్లుండేవారు. ఆ పదిమందిలో వాళ్లు లేరు. చట్టప్రకారం దానికి కారణాలు ఉండొచ్చు, నేను కాదనను. నన్ను ఇబ్బంది పెట్టేది జనం తీరు. తిట్టుకోవడానికి ఒక ముఖం దొరికాక, ఆ ముఖం వెనక ఎవరున్నారని అడిగినవాళ్లు మన బజార్లో నాకు కనబడలేదు.

ఇక కుర్ర లాయర్లకు. మీరు రోజూ చూసేదే, పేరు పెట్టి చెబుతున్నా. శుక్రవారం సాయంత్రం అరెస్టు. ఎందుకంటే శని, ఆదివారాలు కోర్టు లేదు. (నవ్వులు) ఒక కేసులో బెయిలొస్తే జైలు గేటు దగ్గరే ఇంకో జిల్లా పోలీసులు పీటీ వారెంటు, అంటే ఖైదీని తమ కేసులోకి తీసుకెళ్లే కోర్టు ఉత్తర్వు పట్టుకుని నిలబడి ఉంటారు. కంపెనీకి పది జిల్లాల్లో బ్రాంచీలుంటే పది ఎఫ్ఐఆర్‌లు. ఒకే సంఘటన మీద రెండో ఎఫ్ఐఆర్ కుదరదని 2001లోనే టి.టి. ఆంటోనీ కేసులో చెప్పారు, కానీ ఒక్కో డిపాజిటరుది ఒక్కో సంఘటన అంటారు. అది పూర్తిగా తోసిపుచ్చే వాదనా కాదు. శిక్ష పడకముందే శిక్ష అయిపోతుంది. ప్రభుత్వం ఏదైనా ఇదే పద్ధతి. నిన్న చప్పట్లు కొట్టినవాళ్లు ఇవాళ లబలబలాడటం, ఇవాళ కొడుతున్నవాళ్లు రేపు లబలబలాడబోవడం, ఈ జిల్లాలో నేను రెండు వైపులా చూశాను.

దానికి విరుగుడు పెద్ద సిద్ధాంతాల్లో లేదు, చిన్న కాగితాల్లో ఉంది. 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ కేసు. ఢిల్లీ దగ్గర రియల్ ఎస్టేట్ కంపెనీ యజమానులు, ఈడీ కేసు, వాళ్ల మీద సానుభూతి ఎవరికుంటుంది? అరెస్టు కారణాలు చదివి వినిపించామని ఈడీ అంది. రాసి చేతికివ్వాలి అంది సుప్రీంకోర్టు, విడుదల చేసింది. కోటీశ్వరుల కేసులో పుట్టిన ఆ కాగితాన్ని రేపు మీరు ఒక ఆటో డ్రైవరు కోసం అడగొచ్చు. అందుకే, జనానికి గిట్టనివాడి వకాల్తా వస్తే వద్దనకండి. ఫలానావాడి తరఫున ఎవరూ నిలబడకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చేస్తూనే ఉంటాం మనం, ఆవేశంలో.

(ఇక్కడ సభలో ఒక రైతు లేచి అడిగారు: "లాయర్ గారూ, అన్నీ బానే ఉన్నాయి. వాడి హక్కులు సరే. మా డబ్బు సంగతేంటి?")

కూర్చోండి పెద్దాయనా, మంచి ప్రశ్న. జనం దగ్గర డిపాజిట్లు పోగేసి తిరిగివ్వని అగ్రిగోల్డ్ కంపెనీ విజయవాడదే కదా. లక్షల మంది డిపాజిటర్లు. 2016లో పెద్దల్ని అరెస్టు చేశారు. మీ ఇళ్లల్లోనూ బాండ్లు ఉండే ఉంటాయి. 2019 నవంబరులో 10 వేల లోపు కట్టినవాళ్లకు డబ్బిచ్చారు, ఈ గుంటూరులోనే సభ పెట్టి. 2021 ఆగస్టులో 20 వేల లోపు వాళ్లకు. ఆ డబ్బు ఎక్కడిది? ప్రభుత్వ ఖజానాది, అంటే మనం కట్టిన పన్ను. కంపెనీ ఆస్తులు అమ్మి పంచడం కోర్టుల్లో, కమిటీల్లో, వేలాల్లో ఏళ్లకేళ్లు నలిగింది. అరెస్టు చెయ్యొద్దని నేననడం లేదు. అరెస్టు రోజున మనం ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లిపోతాం. మన రాష్ట్రంలో డిపాజిటర్ల రక్షణ చట్టం 1999 నుంచీ ఉంది, ఆస్తి జప్తు చేసే అధికారం అందులోనే ఉంది. మీరు ఫిర్యాదు ఇచ్చేటప్పుడు "వాణ్ణి లోపలెయ్యండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. అతనికి ఎక్కడ ఏ స్థలం ఉందో, ఏ కోల్డ్ స్టోరేజీలో ఎవరి పేరు మీద సరుకుందో, ఎవరి పేరున రిజిస్ట్రేషన్లు మారాయో మీకు తెలిసినంత రాయండి. మీకు తెలిసినంత పోలీసులకు తెలియదు. ఆ ఆస్తి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే ఈసీ తీయించి జతచెయ్యండి. స్టేషన్లో "సివిల్ తగాదా" అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదుతో మేజిస్ట్రేట్ దగ్గరకు ప్రైవేటు కంప్లయింట్ వెయ్యొచ్చు. దానికి ఈ కుర్ర లాయర్లలో ఎవరో ఒకరు ఫీజు తగ్గించుకుని చేసిపెడతారు. ఏమ్మా, చేస్తారా? (చప్పట్లు)